హై డిడక్టిబుల్ ప్లాన్, హెచ్‌ఎస్‌ఏ: నేను ఏటా వినే అపోహలు

అమెరికాలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్స్ చూడటం నా పని. ఏటా ప్లాన్ ఎంచుకునే సమయం, అంటే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, మొదలైందంటే మనవాళ్ల ఫోన్లు వరసకడతాయి. "అక్కా, ఆ హై డిడక్టిబుల్ ప్లాన్ తీసుకుంటే మునిగిపోతామా?" డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వడం మొదలయ్యేలోపు ఏడాదిలో మనం సొంతంగా కట్టాల్సిన మొత్తం. హెచ్‌ఎస్‌ఏ అంటే ఈ ప్లాన్ ఉన్నవాళ్లు వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా.

అపోహ: డిడక్టిబుల్ ఎక్కువ కాబట్టి ఖర్చూ ఎక్కువే.

వాస్తవం: డిడక్టిబుల్ ఒక్కటే చూస్తే లెక్క తేలదు. మొన్న మా ఆఫీసు కుర్రాడొకడు రెండు ప్లాన్ల కాగితాలు పట్టుకొచ్చాడు. ఇంట్లో భార్య, మూడేళ్ల పాప. డిడక్టిబుల్ తక్కువున్న పీపీఓ అనే ప్లాన్‌కి జీతంలో నెలకు 520 డాలర్ల కోత, డిడక్టిబుల్ 1,000. రెండోది హై డిడక్టిబుల్ ప్లాన్, దానికి కోత 260, డిడక్టిబుల్ 4,000, హెచ్‌ఎస్‌ఏలో కంపెనీ వేసేది 1,200. కాగితం వెనక అతని చేతే రాయించాను. ప్రీమియంలో ఏడాదికి మిగిలేది 3,120, కంపెనీ డబ్బు కలిపితే 4,320. డిడక్టిబుళ్ల మధ్య తేడా 3,000. రెండిట్లోనూ డిడక్టిబుల్ పూర్తిగా కట్టాల్సొచ్చినా 1,320 మిగులే. ఆ తర్వాత పడే మన వాటా, ఏడాదిలో మన జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం కూడా పక్కపక్కన పెట్టి చూశాం. 2026లో హెచ్‌ఎస్‌ఏకి అర్హమైన హై డిడక్టిబుల్ ప్లాన్లలో ఆ గరిష్ఠం నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆస్పత్రుల దగ్గర) ఒక్కరికి 8,500, కుటుంబానికి 17,000 డాలర్లు దాటకూడదు. ప్రతి కంపెనీలోనూ లెక్క ఇలా రాదు, మీ అంకెలు మీరే వేసుకోవాలి.

అపోహ: డిడక్టిబుల్ నిండేదాకా ఇన్సూరెన్స్ లేనట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. దీన్ని నమ్మి పిల్లల టీకాలు, మామోగ్రామ్ వాయిదా వేసేవాళ్లను చూశాను. నెట్‌వర్క్ డాక్టరు దగ్గర టీకాలు, ఏడాదికోసారి చెకప్, సిఫారసు చేసిన స్క్రీనింగ్‌లకు మీరు కట్టేదేమీ ఉండదు. అయితే చెకప్‌లోనే మోకాలి నొప్పి కూడా చూపించుకుంటే దానికి విడిగా బిల్లు రావచ్చు. మిగతా వైద్యానికి కూడా ఇన్సూరెన్స్ కంపెనీ బేరమాడిన రేటే మీకు పడుతుంది. అందుకే ఆస్పత్రి బిల్లు రాగానే కట్టేయకండి. ఏ వైద్యానికి ఎంత, అందులో మీ వాటా ఎంత అని చెప్పే ఇన్సూరెన్స్ వాళ్ల కాగితం, అంటే ఈఓబీ, వచ్చాక, అందులో మీరు కట్టాల్సిన మొత్తంతో సరిచూసుకుని కట్టండి.

అపోహ: డిసెంబరులోగా వాడకపోతే హెచ్‌ఎస్‌ఏ డబ్బు పోతుంది.

వాస్తవం: ఆ భయం ఎఫ్‌ఎస్‌ఏది, అంటే ఆఫీసు ద్వారా వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టే ఇంకో రకం ఖాతాది. హెచ్‌ఎస్‌ఏ మీ సొంత ఖాతా. ఉద్యోగం మారినా, ఇండియా వెళ్లిపోయినా మీదే. 2026లో ఒక్కరికైతే 4,400, కుటుంబ ప్లాన్‌కి 8,750 వరకు వేయొచ్చు, కంపెనీ వాటా కూడా అందులోదే. జీతంలోంచి వేస్తే ఫెడరల్ ఆదాయపన్నుతో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులూ పడవు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మాత్రం రాష్ట్ర పన్ను వేస్తాయి. 65 ఏళ్లలోపు వైద్యానికి కాక వేరేదానికి తీస్తే ఆదాయపన్నుతో పాటు 20 శాతం పెనాల్టీ.

అపోహ: హెచ్‌ఎస్‌ఏ డబ్బు ఇంట్లో ఎవరి వైద్యానికైనా వాడొచ్చు.

వాస్తవం: భార్యకు లేదా భర్తకు, పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడినవారికి మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మామూలుగా కుదరదు. హైదరాబాద్‌లో మీరు రూట్ కెనాల్ చేయించుకుంటే మాత్రం వాడొచ్చు, రసీదు దాచుకోండి. ఇంకొకటి, మీవారికో మీ ఆవిడకో ఆఫీసులో మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే మీరు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయకూడదు. చాలా జంటలు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

అపోహ: కంపెనీ డబ్బు వేస్తోంది కాబట్టి అందరికీ ఇదే మంచిది.

వాస్తవం: కాదు. ఎఫ్‌ఎస్‌ఏలో ఏడాది మొత్తానికి రాసుకున్న డబ్బు మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. హెచ్‌ఎస్‌ఏలో అప్పటిదాకా పడినంతే ఉంటుంది. ఫిబ్రవరిలో కాన్పు అయిన ఒకమ్మాయికి బిల్లు వచ్చేసరికి ఖాతాలో పడినవి నాలుగు జీతాల డబ్బులే. బ్యాంకులో కాస్త నిల్వ లేనివాళ్లు, నెలనెలా ఖరీదైన మందులు వాడేవాళ్లు సంతకం పెట్టే ముందు మీ హెచ్‌ఆర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: కంపెనీ తన వాటా జనవరిలోనే మొత్తం వేస్తుందా, జీతం జీతానికీ కొంచెం కొంచెంగా వేస్తుందా?