ఎండ మండితే తేనె ఊరుతుందా? అపోహలు - వాస్తవాలు

నల్గొండ వైపు బత్తాయి పూత అయిపోయి ఎండలు ముదిరాయంటే చాలు, పాలమూరు దాకా తేనెటీగల పెట్టెలు పెట్టే నన్ను ఎవరు కలిసినా అదే మాట: "ఎండలు మస్తు కొడుతున్నయి, పెట్టెలు నిండుతున్నయా?"

అపోహ: ఎండ పెరిగితే పూలలో మకరందం పెరుగుతుంది.

వాస్తవం: ఎండ కావాలి, కాదనను, ఆకు చక్కెర తయారు చేసేది వెలుతురుతోనే. కానీ భూమిలో తడి లేకపోతే మొక్క నీళ్లు పోకుండా ఆకురంధ్రాలు మూసేసుకుంటుంది, చక్కెర తగ్గుతుంది, దాంతోపాటే మకరందమూ తగ్గుతుంది. ఊరిన కాస్తా వడగాలికి చిక్కబడిపోతుంది, మరీ చిక్కబడితే తేనెటీగ పీల్చలేదు. ఒకే ఎండలో నీళ్లు పెట్టిన పొద్దుతిరుగుడు చేను మీద ఈగలు ముసురుతాయి, పక్కన వాడిన చేను మీద పెద్దగా కనిపించవు. అందుకే పెట్టెలు దించే ముందు నేను బోరులో నీళ్లున్నాయా అని అడుగుతాను.

అపోహ: మిట్టమధ్యాహ్నం పెట్టె ముందు రద్దీ ఉందంటే తేనె వస్తున్నట్టే.

వాస్తవం: చాలామంది మోసపోయేది ఇక్కడే. పెట్టెలో ఈగ పిల్లలున్న చోట వేడి 34-35 డిగ్రీల దగ్గరే ఉండాలి. బయట 42, 43 కొడుతుంటే ఈగలు పూలకు పోవడం తగ్గించి నీళ్లు మోస్తాయి, ఆ నీటిని తేనెపట్టు గదుల్లో పలచగా పూసి రెక్కలతో విసురుతాయి, మన కూలర్ లెక్కనే. డ్రిప్ పైపు లీకయ్యే చోటికి పోయి చూడండి, సగం ఈగలు అక్కడే ఉంటాయి. అనుమానముంటే ఎండ ముదరకముందే పెట్టెలోంచి ఒక పాత ఫ్రేమ్, అంటే తేనెపట్టు కట్టిన చట్రం, తీసి అడ్డంగా పట్టి విదిలించండి, తాజా మకరందం ఉంటే చుక్కలు రాలతాయి. కొత్త పట్టుతో ఈ పని వద్దు, వేడికి మైనం మెత్తబడి విరిగిపోతుంది.

అపోహ: పెట్టె మూత కొంచెం తెరిచి ఉంచితే లోపల చల్లబడుతుంది.

వాస్తవం: ఈగలు రెక్కలతో విసిరే గాలికి ఒక దారి ఉంటుంది, మీరు తెరిస్తే అది చెడుతుంది, చీమలకు కొత్త దారి దొరుకుతుంది. చెట్టు నీడో తాటాకు పందిరో చూడండి. దగ్గర్లో పళ్లెంలో నీళ్లు పెట్టి, ఈగలు మునగకుండా నాలుగు రాళ్లు వేయండి.

అపోహ: చలికాలం ఈగలు పని చేయవు.

వాస్తవం: మన చలి ఏపాటిది! 12-13 డిగ్రీలు దాటితే బయల్దేరతాయి, కాకపోతే కాస్త పొద్దెక్కాక.

అపోహ: ఎండాకాలం చేనుకు పురుగుమందు పొద్దున చల్లపూటే కొట్టాలి.

వాస్తవం: మీకు చల్లగా ఉన్న ఆ పూటే ఈగలు పూల మీద ఎక్కువగా ఉంటాయి. పూతలో మందు తప్పదంటే పొద్దుగూకి ఈగలు గూటికి చేరాక కొట్టండి, ముందురోజే పెట్టెలవాళ్లకు ఒక ఫోన్ చేయండి.