మాత్ర అందింది, రక్తం పట్టలేదు

కింది కనురెప్పను వేలితో కిందికి లాగి లోపలి పొర చూస్తారు. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి కనిపిస్తే "రక్తం తక్కువగా ఉందమ్మా" అంటారు. ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. మన దేశంలో గర్భిణులకు, పిల్లలకు ఈ మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. యాభై ఏళ్లు గడిచాక, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో ఇవి 53, 59 శాతాలు. అంటే తగ్గాల్సింది పెరిగింది.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. ఈ సర్వేలో రక్తం వేలికొనను గుచ్చి తీస్తారు. మొదటి చుక్క తుడిచేసి, తర్వాత దానంతటది ఉబికిన చుక్కను తీసుకోవాలి. చుక్క సరిగా రాలేదని వేలిని గట్టిగా పిండితే రక్తంతో పాటు కండలోని నీరూ కలుస్తుంది, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీశారు. అందులో 1-4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమే. రెండు సర్వేల వయసులు, సంవత్సరాలు ఒకటి కావు కాబట్టి నేరుగా పోల్చకూడదు గానీ, తేడా కొంతైనా సూది దగ్గరే ఉందని చాలామంది నిపుణుల అనుమానం. అలాగని 41 చూసి సంబరపడాల్సిందేమీ లేదు. ఐదుగురిలో ఇద్దరు పిల్లలంటే తక్కువా?

ఇక అసలు కథ. ఇనుము విషయంలో మన శరీరం మహా పిసినారి. ఒంట్లో ఉండేదే మొత్తం మూడు నాలుగు గ్రాములు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చచ్చాక అందులోని ఇనుమును శరీరం పారేయదు, ఏరుకుని కొత్త కణాలకు వాడుకుంటుంది. ఇలా రోజుకు ఇరవై మిల్లీగ్రాములకు పైగా లోపలే చేతులు మారుతుంది. తిండి నుంచి కొత్తగా లోపలికి వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఇంత జాగ్రత్తగా నడిచే ఇంట్లో రక్తం కారిందంటే దొంగలు పడ్డట్టే. ఒక్క మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. మామూలు నెలసరిలోనే 15-20 మిల్లీగ్రాములు పోతుంది. ఒక గర్భానికి కావాల్సింది మొత్తం మీద సుమారు ఒక గ్రాము. పదిహేనేళ్లకే నిల్వలు అడుగంటిన అమ్మాయి ఇరవై ఏళ్లకు తల్లి కాబోతుంటే ఆ గ్రాము ఎక్కడి నుంచి రావాలి?

ఇంకో దొంగ కొంకి పురుగు. మురుగు నేల మీద చెప్పుల్లేకుండా నడిచినప్పుడు దీని పిల్ల పురుగు చర్మంలోంచి దూరి, చివరికి పేగుకు చేరి కాటేసి పట్టుకుంటుంది. ఈ పురుగుల్లో ఒక జాతి, ఒక్కోటి రోజుకు మిల్లీలీటరులో ఐదో వంతు దాకా రక్తం పోగొడుతుంది. వంద పురుగులుంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. మరుగుదొడ్డి, చెప్పులు, నులిపురుగులను చంపే ఆల్బెండజోల్ మాత్ర, ఇవి కూడా రక్తం పట్టించే మందులే.

అన్ని రక్తహీనతలూ ఇనుము లేకే రావు. ఈ మాటకు ఒక ముఖ్యమైన సాక్ష్యం మన గడ్డ మీదే దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తం పరీక్షించారు. వాళ్ల ఎర్ర కణాలు సంఖ్యలో తక్కువ, సైజులో మామూలుకంటే పెద్దవి. సూక్ష్మజీవి ఏదైనా కారణమా అని వెతికితే దొరకలేదు. తిండి వైపు చూశారు. చివరికి మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారంతో ఆ మహిళలు కోలుకున్నారు. అందులో ఉన్న ఆ తెలియని పదార్థాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు. 1940లలో వేరు చేసిన ఫోలిక్ యాసిడ్ అదే. ఇవాళ గర్భిణి మింగే మాత్రలో ఇనుముతో పాటు అది ఉంటుంది. బీ12 లోపం, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్, తలసీమియా, ఇంకా మలేరియా కూడా రక్తాన్ని తగ్గిస్తాయి. తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే అతిగా పేరుకుని ఉంటుంది, వాళ్లకు ఐరన్ మాత్ర హాని చేస్తుంది.

ఇనుము లోపలికి రావాలా వద్దా అని తేల్చేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్. జ్వరమో ఇన్ఫెక్షనో వస్తే ఇది పెరిగి పేగు తలుపు మూసేస్తుంది. సూక్ష్మజీవులకూ ఇనుము కావాలి కదా, వాటికి అందకుండా దాచడమన్నమాట. అందుకే పదే పదే జబ్బుపడే బిడ్డకు ఎంత పెట్టినా ఒంటబట్టదు. 2006లో వెలువడిన, ఆఫ్రికాలోని టాంజానియాకు చెందిన పెంబా దీవి పరిశోధన ఇంకో హెచ్చరిక చేసింది. మలేరియా ఎక్కువగా ఉన్న ఆ చోట చిన్నపిల్లలకు విచక్షణ లేకుండా ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆసుపత్రి పాలవడం, చనిపోవడం పెరిగాయి. మలేరియా నివారణ, చికిత్స ఉన్న చోటే ఐరన్ పంచాలన్న జాగ్రత్త ఆ తర్వాతే గట్టిపడింది.

ఇంత సైన్స్ ఉన్నా కార్యక్రమం తడబడేది చాలా మామూలు చోట. గర్భిణి ఆరు నెలల పాటు రోజుకో మాత్ర వేసుకోవాలి. అదే 2019-21 సర్వేలో, వంద రోజులైనా వేసుకున్నామన్నవాళ్లు 44 శాతం, నూట ఎనభై రోజులు వేసుకున్నవాళ్లు 26 శాతం. వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం. ఆ నలుపు ఒంటబట్టని ఇనుము రంగు, అంతే. ఎవరూ చెప్పకపోతే మాత్రం ఆమెకు టెన్షన్ పుడుతుంది, కడుపులో బిడ్డకేమైనా అవుతుందేమోనని డబ్బా అటక ఎక్కుతుంది. నా దృష్టిలో, మాత్ర ఇచ్చేటప్పుడు ఆశా కార్యకర్త చెప్పే రెండు ముక్కలు మాత్రలో సగం. "నల్లగా వస్తుంది, భయపడొద్దు. టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకో." టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి, సీ విటమిన్ దాన్ని విడిపించి లోపలికి పంపుతుంది.

2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' (రక్తహీనత లేని భారత్) కార్యక్రమం ఈ సంగతులు చాలావరకు పట్టించుకుంది. చిన్నపిల్లలకు సిరప్, బడి పిల్లలకు గులాబీ రంగు మాత్ర, కౌమారంలో నీలం, గర్భిణులకు ఎరుపు. వీటితో పాటు నులిపురుగుల మందు, అక్కడికక్కడే హిమోగ్లోబిన్ పరీక్ష, మలేరియా, ఫ్లోరోసిస్, సికిల్ సెల్ మీద దృష్టి. కాగితం మీద లోపం పెద్దగా కనిపించదు.

అందులోనే పైసా ఖర్చు లేని పని ఒకటుంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కత్తిరించకుండా కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాలు ఆగాలి. మాయలో మిగిలిన రక్తం ఈలోగా బిడ్డకు చేరుతుంది. తర్వాతి కొన్ని నెలలకు సరిపడా ఇనుము దాంతో పాటే వస్తుంది. కాన్పుల వార్డు కిటకిటలాడుతున్నప్పుడు, పక్క మంచం మీద ఇంకొకరు నొప్పులు పడుతున్నప్పుడు, ముందుగా కోత పడేది ఆ నిమిషానికే.