తిమింగలం చేప కాదన్న శాసనసభ్యుడు

1798లో న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీ సభ్యులకు కాస్త బోర్ కొడితే ఒక బిల్లును చర్చకు లాగేవారట. రాష్ట్రంలోని నదుల్లో ఆవిరి పడవలు నడిపే హక్కును ఇరవై ఏళ్లపాటు రాబర్ట్ లివింగ్‌స్టన్ అనే రాజకీయ నాయకుడు ఒక్కడికే ఇచ్చే బిల్లు అది. దాన్ని ప్రవేశపెట్టినవాడు శామ్యూల్ లేథమ్ మిచిల్. కుర్ర సభ్యులు, లాయర్లు జోకుల మీద జోకులు పేలుస్తుంటే, పాపం ఆయనే లేచి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. మొత్తానికి బిల్లు పాసైంది. ఏడాదిలోగా హడ్సన్ నదిలో ఏటికి ఎదురు గంటకు నాలుగు మైళ్ల వేగంతో పడవ నడిపి చూపాలని షరతు పెట్టారు. అది లివింగ్‌స్టన్ వల్ల కాలేదు. తర్వాత రాబర్ట్ ఫుల్టన్ అనే ఇంజనీరు ఆయనతో చేతులు కలిపాడు. 1807లో వాళ్ల పడవ న్యూయార్క్ నుంచి ఆల్బనీకి, దాదాపు 150 మైళ్లు, 32 గంటల్లో వెళ్లింది.

మిచిల్ అసలు డాక్టరు. 1764లో లాంగ్ ఐలాండ్‌లో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1791లో తొలిసారి అసెంబ్లీకి వెళ్లాడు. మరుసటి ఏడాదే కొలంబియా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత అమెరికా ప్రతినిధుల సభకు, సెనేట్‌కు కూడా ఎన్నికయ్యాడు. ఒక మనిషికి ఇన్ని పనులెందుకో అనిపిస్తుంది కానీ, అప్పట్లో చదువుకున్నవాళ్లు తక్కువ, చేయాల్సిన పనులు ఎక్కువ.

అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. కుళ్లిన పదార్థాల నుంచి వచ్చే ఒక నైట్రోజన్ వాయువే అంటురోగాలకు మూలమని గట్టిగా నమ్మాడు. పీలిస్తే ప్రాణాలకే ముప్పన్నాడు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే కుర్రాడు ఇది చదివి, తేల్చేద్దామని ఆ వాయువును తానే పీల్చి చూశాడు. రోగం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. అదే నైట్రస్ ఆక్సైడ్, లాఫింగ్ గ్యాస్. పళ్లు పీకేటప్పుడు నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తుగా 1840లలో అది వాడుకలోకి వచ్చింది. తప్పు సిద్ధాంతమే అయినా ఎంత మంచి ప్రయోగానికి దారితీసిందో!

మిచిల్ నూటికి నూరుపాళ్లు కరెక్టుగా చెప్పిన సందర్భం వేరే ఉంది. అక్కడ మాత్రం ఆయన మాట చెల్లలేదు.

చేపనూనె పీపాలను ఇన్‌స్పెక్టరు తనిఖీ చేయాలని న్యూయార్క్ 1818లో చట్టం చేసింది. శామ్యూల్ జుడ్ అనే వ్యాపారి తిమింగలం నూనె మూడు పీపాలు కొన్నాడు. తనిఖీ ఫీజు కట్టనన్నాడు. తిమింగలం చేపే కాదు, దాని నూనె చేపనూనె ఎలా అవుతుందన్నది ఆయన వాదన. ఇన్‌స్పెక్టరు జేమ్స్ మారిస్ కోర్టుకెక్కాడు. డిసెంబరులో విచారణ. జుడ్ తరఫున సాక్షి ఎవరంటే మిచిల్. న్యూయార్క్ చేపల మీద 1815లో పెద్ద పరిశోధన వ్యాసం అచ్చు వేసిన మనిషి, అంతకన్నా తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?

ఆయన వాదన సూటిగా సాగింది. తిమింగలానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులతో గాలి పీల్చడానికి నీటి పైకి రావాల్సిందే. వెచ్చటి రక్తం. పిల్లల్ని కని వాటికి పాలు ఇస్తుంది. మనిషి ఎంత చేపో తిమింగలమూ అంతే చేప అన్నాడు. అవతలి లాయరు బైబిల్లోని సృష్టి కథ తీశాడు. అందులో నీటి జీవులు, పక్షులు, నేల మీది జంతువులు అనే విభజనే ఉంది కదా, మరి ఇదెక్కడిదన్నాడు. తిమింగలాల వేటకు వెళ్లొచ్చిన నావికులను కూడా బోనెక్కించారు. వాళ్లలోనూ ఏకాభిప్రాయం లేదు.

జూరీ పావుగంటలో తేల్చేసింది. తిమింగలం చేపే, జుడ్ 75 డాలర్లు కట్టాలి.

నిజానికి జూరీని మరీ తిట్టలేం. వాళ్లు తేల్చాల్సింది జీవశాస్త్రం కాదు, చట్టంలో రాసిన మాటను బజారులో జనం ఏ అర్థంతో వాడతారన్నది. ఆ చిక్కుముడి పడింది శాసనసభలో, విప్పాల్సిందీ అక్కడే. కొద్ది నెలలకే రాష్ట్రం చట్టాన్ని సవరించి తిమింగలం నూనెను తనిఖీ నుంచి మినహాయించింది. తిమింగలం చేపా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం వెళ్లలేదు.