పంపరపనస మీద హెల్సింకి నుంచి యాంకరేజ్‌కి

ఫిన్లాండ్‌లోని హెల్సింకి, అలాస్కాలోని యాంకరేజ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి: 60, 61 డిగ్రీల ఉత్తరం. గోడ మీది పటంలో ఒకటి కుడి పక్క, మరొకటి ఎడమ చివర. ఆ అక్షాంశం పట్టుకుని పడమరకే పోతే సుమారు 9,500 కిలోమీటర్లు. అసలు దగ్గరి దారి 6,500 మాత్రమే.

ఆ మూడు వేలూ ఎక్కడ తగ్గాయో కోనసీమ పెరటి పంపరపనసతోనే తేల్చుకోవచ్చు. గుండ్రటి కాయ తీసుకోండి. తొడిమ వైపు సాగిన కాయతో లెక్క తప్పుతుంది, కొబ్బరికాయ అసలే పనికిరాదు. నడుం చుట్టూ దారం చుట్టి కొలిస్తే 48 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. తొడిమే ఉత్తర ధ్రువం. అక్కడి నుంచి చుట్టుకొలతలో పన్నెండో వంతు, అంటే 4 సెంటీమీటర్లు కిందికి ఒక చుక్క, సరిగ్గా అవతలి పక్క ఇంకో చుక్క పెట్టండి. అదే ఎత్తులో ఒక చుక్క నుంచి రెండో చుక్కకు కాయ పక్కగా తిప్పితే దారం 12 సెంటీమీటర్లు పడుతుంది. తొడిమ మీదుగా 8 చాలు. అసలు దారి కూడా ధ్రువానికి 200 కిలోమీటర్ల లోపు నుంచే పోతుంది.

మనకిది వింతగా తోచడానికి కారణం ఉంది. రాజమండ్రి ఉన్న 17వ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు 106 కిలోమీటర్లు. 60 దగ్గరికి వచ్చేసరికి అది 56కి కుంచించుకుపోతుంది. గోడ పటం రెంటినీ ఒకే వెడల్పున గీస్తుంది.

ఇక సమయం. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఏడుంబావు గంటలు, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త. గడియారాల తేడా 11 గంటలు కాబట్టి హెల్సింకిలో మధ్యాహ్నం 12కి బయల్దేరిన విమానం యాంకరేజ్‌లో అదే రోజు ఉదయం 8:45కి దిగుతుంది!

ధ్రువం మీద ఎగరడం మాత్రం తేలిక కాదు. విమాన ఇంధనం కిరసనాయిలు జాతిది. చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టే అదీ పేరుకుంటుంది. జెట్ ఎ రకానికి హద్దు మైనస్ 40 డిగ్రీలు, జెట్ ఎ-1కి మైనస్ 47. రెక్కల్లోని ఇంధనం ఆ హద్దుకు దగ్గరపడితే పైలట్ వేగం పెంచాలి, లేదా కాస్త వెచ్చని గాలిలోకి కిందికి దిగాలి. రెండింటికీ ఇంధనం ఎక్కువే ఖర్చవుతుంది. అయస్కాంత దిక్సూచి అక్కడ నమ్మదగింది కాదు. మాటలు అందించడానికి భూమధ్యరేఖ మీద నిలిచే ఉపగ్రహాలు సుమారు 81 డిగ్రీలు దాటాక కనబడవు. దూరాలకు మాట చేరవేసే హెచ్ఎఫ్ రేడియోనేమో సౌర తుఫాను వస్తే మూగబోతుంది. అందుకే బయల్దేరే ముందే దారిలో ఎక్కడ దిగగలమో ఆ విమానాశ్రయాలను ఎంచిపెట్టుకుంటారు.

ఇన్ని ఉన్నా దారిని చివరికి తేల్చేది ఒక్కోసారి దేశాల సరిహద్దులే. వశిష్ఠ గోదావరికి వరదొచ్చి పంటు ఆపేస్తే సఖినేటిపల్లి వాళ్లు ఎదుటనే కనబడే నరసాపురానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. హెల్సింకి–టోక్యో విమానాలదీ అదే పరిస్థితి. దగ్గరి దారి రష్యా మీదుగా 7,800 కిలోమీటర్లు. 1983లో సోవియట్ గగనతలం దొరకక ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్నెయిర్ ధ్రువం మీదుగానే టోక్యోకు ఆగకుండా నడిపింది. తర్వాత రష్యా దారి తెరుచుకుని ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకు వచ్చింది. 2022లో అది మూసుకుపోయాక మళ్లీ ధ్రువం దారి, మళ్లీ సుమారు 13 గంటలు.