ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: మినరల్ వాటర్ శుభ్రమైనవే, బ్యాటరీలో పోసెయ్యొచ్చు.

వాస్తవం: ఛార్జి నిండే వేళకి బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి మూతల్లోంచి పోతుంది. తగ్గేది నీరొక్కటే. నీళ్లతో వచ్చిన లవణాలు మాత్రం లోపలే ఉండిపోతాయి, పోసినప్పుడల్లా పోగవుతాయి. ఇనుము చేరితే వాడకపోయినా ఛార్జి దిగిపోతుంది. క్లోరైడ్ అయితే పాజిటివ్ ప్లేట్లలోని సీసాన్ని తినేస్తుంది. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు ఇళ్లకి వచ్చే ప్లాంటు నీళ్ల క్యాన్లు తాగడానికే. ఆర్వో పట్టినా లీటరుకి పదుల మిల్లీగ్రాముల లవణాలు మిగులుతాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో దుమ్ము, లోహపు నలుసులు ఉంటాయి, అవీ వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొని, ప్లాస్టిక్ గరాటుతో పొయ్యండి.

అపోహ: బ్యాకప్ తగ్గితే కాస్త యాసిడ్ పోయిస్తే లేస్తుంది.

వాస్తవం: లేచేది హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) రీడింగే. ట్యూబులర్ (గొట్టాల ప్లేట్ల) బ్యాటరీ నిండా ఛార్జయితే 1.240 దగ్గర చూపాలి. తక్కువుంటే యాసిడ్ పోయిందని కాదు, అది సల్ఫేట్‌గా ప్లేట్లకి పట్టుకుని ఉంది. ముందు 10-12 గంటలు ఛార్జి పెట్టి మళ్లీ చూడండి. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరులోలా రోజుల తరబడి కరెంటు లేకపోతే ఈ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. అందుకే తుపానుకి ఖాళీ అయిన బ్యాటరీని జనరేటర్‌తోనైనా త్వరగా ఛార్జి చెయ్యాలి.

అపోహ: అంచుదాకా నింపేస్తే ఆర్నెల్లు చూడక్కర్లేదు.

వాస్తవం: ఛార్జింగ్‌లో ద్రవం ఉబ్బి, యాసిడ్‌తో సహా పైకి పొంగుతుంది. ఫ్లోట్ (నీటిమట్టం చూపే పుల్ల) పై గుర్తు దాటకూడదు. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంతే పోసి, ఛార్జి పూర్తయ్యాక మిగతాది నింపాలి. మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి చూస్తే చాలు.

బ్యాటరీలోని ఆరు సెల్లుల్లో (గదుల్లో) ఏది ఎంత నీరు తాగిందో గమనించేవాళ్లు తక్కువ. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఆరూ గబగబా తాగుతుంటే ఇన్వర్టర్ ఎక్కువ వోల్టేజి ఇస్తోంది, 14.4 వోల్టులు దాటుతోందేమో మీటరు పెట్టి చూడండి. ఒక్కటే తగ్గుతుంటే బ్యాటరీ డబ్బా చిట్లి ఉండొచ్చు. అయిదు తాగుతూ ఒకటి కదలకపోతే, ఎంత ఛార్జి చేసినా బ్యాటరీ 10.5 వోల్టుల దగ్గరే నిలబడిపోతే, ఆ సెల్లు షార్టయినట్టే.

అపోహ: మూతలు బిగించే ఉన్నాయి, దసరా పూజకి హారతి ఇస్తే ఏం కాదు.

వాస్తవం: మూతలకి గాలి రంధ్రాలుంటాయి. గాల్లో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పు అంటుకుని పేలుతుంది. బొట్టు పెట్టండి, పువ్వు పెట్టండి. కర్పూరం, అగరొత్తులు మాత్రం వేరే గదిలో. కరెంటు పోయినప్పుడు అగ్గిపుల్ల గీసి నీళ్లు చూడొద్దు, ఫోన్ లైటు చాలు.

అపోహ: టెర్మినల్ మీది తెల్లగుండ దానంతటదే రాలిపోతుంది.

వాస్తవం: రాలదు, పెరుగుతుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇంకా తొందరగా. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు తీసి, ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి. సోడా నీళ్లు సెల్లులో పడకూడదు, యాసిడ్ చచ్చిపోతుంది. ఆరాక పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించి, పైన వాజిలిన్ రాయండి. చేతికి ఉంగరం, గొలుసు ఉంటే పని మొదలెట్టే ముందే తీసెయ్యండి.

అపోహ: యాసిడ్ కంట్లో పడితే సోడా నీళ్లు కొట్టాలి.

వాస్తవం: వద్దు. రెప్ప విప్పి పట్టుకుని, ధారగా మంచినీళ్లు కనీసం 15-20 నిమిషాలు పోస్తూ ఉండాలి, ఆ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి.