సీసానికి వెల్లుల్లి విరుగుడా? ఈ మాట వెనక ఉన్న చరిత్ర

వెల్లుల్లి తింటే ఒంట్లో చేరిన సీసం పోతుందని చాలామంది నమ్ముతారు. దీని మూలాలు వెతికితే రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి.

ఆర్సెనిక్‌తో చేసిన లూయిసైట్ అనే విషాన్ని శత్రువు ప్రయోగిస్తాడేమోనన్న భయంతో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం విరుగుడు కోసం వెతికింది. మన ఎంజైముల్లో గంధకం ఉన్న చోటే ఆర్సెనిక్ అంటుకుని వాటిని పనిచేయనివ్వదు. అంతకంటే గట్టిగా పట్టుకునే గంధకపు మందు ఇస్తే ఆర్సెనిక్ ఎంజైమును వదిలేస్తుంది. అలా వచ్చిందే 'బాల్' (బ్రిటిష్ యాంటీ-లూయిసైట్). ఆ పరిశోధన 1945లో బయటి ప్రపంచానికి తెలిసింది. వేరుశెనగ నూనెలో కలిపి కండకు చేసే ఆ ఇంజెక్షన్ నొప్పి భరించడం కష్టం. 1956లో జాన్ వాల్ష్ అనే బ్రిటిష్ డాక్టర్, విల్సన్ జబ్బులో ఒంట్లో పేరుకునే రాగిని బయటికి పంపడానికి పెనిసిలమైన్ వాడారు. అందులోనూ గంధకమే. తర్వాత దాన్ని సీసానికీ ఇచ్చారు. కానీ దద్దుర్లు, కిడ్నీ సమస్యలు, తెల్లకణాలు పడిపోవడం వంటి సైడ్ ఎఫెక్టులు ఉన్నాయి.

1944లో అమెరికాలో కవల్లిటో, బెయిలీ వెల్లుల్లి నుంచి అల్లిసిన్‌ను వేరుచేశారు. ఇదీ గంధకపు పదార్థమే కాబట్టి లోహాల మీద పనిచేస్తుందేమోనన్న ఆశ సహజం. ఎలుకలకు సీసమో కాడ్మియమో ఇచ్చి వెల్లుల్లి కూడా పెడితే కాలేయానికీ కిడ్నీలకూ దెబ్బ తగ్గినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. అయితే ఎలుకకు విషంతోపాటే విరుగుడు పెట్టడం వేరు, ఏళ్ల తరబడి సీసం ధూళి పీల్చిన కార్మికుడికి ఇవ్వడం వేరు.

అందుకే ఇరాన్‌లోని మష్హద్ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఫలితాలకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. కార్ల బ్యాటరీ పరిశ్రమలో పనిచేసే 117 మందిలో కొందరికి వెల్లుల్లి మాత్రలు, మిగతావాళ్లకు పెనిసిలమైన్ 4 వారాలు ఇచ్చారు. రక్తంలో సీసం ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. వెల్లుల్లి వాడినవాళ్లకు సైడ్ ఎఫెక్టులు తక్కువ. మంచి కబురే. కానీ ఏ మందూ ఇవ్వని గుంపు అందులో లేదు, గడువూ చిన్నది.

పైగా అది లెక్కకట్టి ఇచ్చిన మాత్ర. పచ్చి రెబ్బను నలిపినప్పుడే అల్లిసిన్ తయారవుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైము వేడికి చచ్చిపోతుంది, అంటే తాలింపులో వేగిన రెబ్బల నుంచి ఆ ఫలితం ఆశించలేం.

ఆ ప్రయోగంలో పిల్లలు లేరు. పాత బ్యాటరీలు కరిగించే షెడ్ల పక్కన పెరిగే పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటితే డాక్టర్లు ఇచ్చేది 1991లో అమెరికాలో అనుమతి పొందిన సక్సిమర్. అదికూడా పిల్లవాణ్ని ఆ సీసానికి దూరం చేశాకే.