పాలున్న కూర

మనం పాలకూర అని పిలిచే ఆకులో చుక్క పాలు ఉండవు. న్యాయంగా ఆ పేరు, సలాడ్లలో పచ్చిగా తినే ఆకుకూర లెట్యూస్‌కు చెందాలి. దాని కాండం విరిస్తే, జిల్లేడంత కాకపోయినా, తెల్లటి పాలు ఊరతాయి. లాటిన్‌లో పాలను సూచించే ‘లాక్’ అనే మాట నుంచే దాని శాస్త్రీయ నామం ‘లాక్టూకా’ వచ్చింది.

లెట్యూస్‌లలో నాకు ఇష్టం బటర్ రకాలు. కరకరలాడే ఐస్‌బర్గ్ రకంలా గట్టిగా చుట్టుకోవు. సగం విచ్చిన గులాబీలా వదులుగా ఉంటాయి. లోపలి ఆకు లేత పసుపు, తాకితే వేలికి వెన్న అంటిందేమో అనిపించే నునుపు. వీటిలో పేరున్న పాత రకం బిబ్. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లో 19వ శతాబ్దంలో జాన్ బిబ్ అనే ఆయన దీన్ని పెరట్లో పెంచి ఇరుగుపొరుగుకు పంచిపెట్టాడు.

మొదటిసారి నేను ఈ గింజలను చిక్కుడు గింజల్లా అంగుళం లోతున పాతాను, అదీ ఎండ మండుతున్న రోజుల్లో. ఒక్కటీ మొలవలేదు. అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తప్పు నాదే.

గ్రాముకు సుమారు ఎనిమిది వందలు తూగే గింజ అది. అంత లోతు నుంచి పైకి రావడానికి సరిపడా తిండి దానిలో ఉండదు. అందుకే చాలా రకాలు మొలిచే ముందు వెలుతురు ఉందో లేదో చూసుకుంటాయి. 1952లో అమెరికా వ్యవసాయ శాఖ వారి బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు తడిపిన లెట్యూస్ గింజలపై ఎర్రని వెలుగు ప్రసరింపజేస్తే అవి మొలిచాయి. ఆ వెంటనే, కంటికి ఆనీ ఆనని ‘దూర ఎరుపు’ వెలుగు పడితే మొలక మానుకున్నాయి. మళ్లీ ఎరుపు, మళ్లీ దూర ఎరుపు... ఎన్నిసార్లు మార్చినా చివరగా పడిన వెలుగుదే తీర్పు. ఈ కిటుకు వెనుక ఉన్న ఫైటోక్రోమ్ అనే వర్ణకం తర్వాత బయటపడింది. చెట్ల ఆకులు ఎరుపును మింగేసి దూర ఎరుపును కిందికి వదులుతాయి కదా. నెత్తిన మరో మొక్క ఉందని గింజ ఆ నీడను బట్టే పసిగడుతుంది.

రెండో గండం వేడి. మట్టి 30 డిగ్రీలు దాటితే చాలా గింజలు మొండికేస్తాయి. కాబట్టి మన దగ్గర నవంబరు దాకా ఆగాలి. తొందరైతే తడిగుడ్డలో చుట్టి ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, మట్టి మీద చల్లి, పైన చిటికెడు కంపోస్టు రాల్చితే చాలు. వేళ్లు పైపైనే ఉంటాయి గనుక తడి ఆరనివ్వకూడదు. పెద్దగా ఇంకేమీ అడగదు.

ఎండలు ముదిరి పగలు పొడవయ్యేసరికి మొక్క నడిమి నుంచి కాండం పైకి లేస్తుంది. అప్పటి నుంచి ఆకు చేదు. పాలలోని లాక్టూసిన్ వంటి పదార్థాల పని అది. ఆకు కోసిన వేళ్లకు అంటిన పాలు కాసేపట్లో గోధుమ రంగుకు తిరుగుతాయి.

విత్తనం కావాలంటే అలాంటి మొక్కను ఒకటైనా పీకకుండా వదలాలి. బంతి, పొద్దుతిరుగుడు దీని చుట్టాలే. ఒక్క పువ్వులా కనిపించేది చిట్టి పూల గుత్తి. ప్రతి చిట్టి పువ్వులో పుప్పొడి ఒక సన్నని గొట్టం లోపల రాలుతుంది. ఆ గొట్టంలోంచి కీలం, అంటే పువ్వు ఆడభాగపు సన్నని కాడ, సీసా కడిగే బ్రష్షులా పుప్పొడిని తోసుకుంటూ పైకి వస్తుంది, సొంత పుప్పొడితోనే ఫలదీకరణ జరుగుతుంది. వేరే మొక్క పుప్పొడి కలిసేది అరుదు కాబట్టే బిబ్ గింజ వేస్తే ఇప్పటికీ బిబ్బే వస్తుంది. ఉదయం విచ్చిన పువ్వు కొన్ని గంటల్లో ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. రెండు మూడు వారాలకు తెల్లటి కుచ్చు బయటికి వస్తే, గాలి ఎత్తుకుపోకముందే కాగితపు సంచిలో దులుపుకోవాలి.